కొత్త సర్వర్

“నాదే మతిమరుపు బాబూ. ఇదివరకు ఈ ఆస్పత్రికే వచ్చేమనుకున్నాను” అంది నూకాలమ్మ.

ఆస్పత్రి కంప్యూటర్లు చూసే శివప్రసాద్ తలెత్తలేదు. పొద్దున్న “మీ ఆయన పేరు కంప్యూటర్లో లేదండీ, మీరు ఇదివరకు వచ్చింది ఇక్కడికి కాదు” అని గట్టిగా చెప్పింది అతనే. భర్త అబ్బులుకి ఏదో ఇంజెక్షన్ పడదని ఆమె మొత్తుకుంది గానీ, దాని పేరు చెప్పలేకపోయింది. తెలియక అదే ఇచ్చారు. అబ్బులుకి ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదు. గండం గడిచి ఇప్పుడే కళ్లు తెరిచాడు.

శివప్రసాద్ రోగుల వివరాలుండే సర్వర్లో ఉన్న కొలేషన్ల జాబితా తెప్పించాడు. అక్షరాల్ని ఎలా పోల్చాలో సర్వర్‌కి చెప్పే పద్ధతులవి. పోయిన వారం ఈ కొత్త సర్వర్ పెట్టినప్పుడు ఆ జాబితా చూడకుండానే ఏదో ఒకటి పెట్టేశాడు. దానికి ఇంగ్లీషు పెద్దక్షరాలు వేరు, చిన్నక్షరాలు వేరు. ఇప్పుడు రెండింటినీ ఒకటిగా చూసే పద్ధతి ఎంచుకుని మళ్లీ వెతికాడు.

అబ్బులు పేరు వచ్చింది, అన్నీ పెద్దక్షరాల్లో. పొద్దున్న అతను కొట్టింది చిన్నక్షరాల్లో. కిందనే పడని ఇంజెక్షన్ పేరు.

“మీరు మర్చిపోలేదండీ. పేరు ఇక్కడే ఉంది. దొరక్కుండా చేసింది నేను.”

ఆమె తిట్టలేదు.

“అయితే ఆ మాట ఆయనతో చెప్పండి బాబూ. నా మతిమరుపు వల్లే చావబోయేనంటున్నారు.”

“ఆయ్, చెప్తానండీ” అని లేచాడు గానీ, వార్డు దాకా ఆమే ముందు నడవాల్సి వచ్చింది.