మెట్ల కింద గదిలో రెండో కుర్చీ

"డిగ్రీ పాసైనవాళ్లు రాసిపెట్టకూడదు. రూల్."

సూపరింటెండెంట్ సుబ్రహ్మణ్యం సుష్మను గేటు దగ్గరే ఆపేశాడు.

పృథ్వీకి చూపు లేదు. తను జవాబు చెబుతుంటే పక్కన కూర్చుని రాసే మనిషి కావాలి. పొరుగింటి సుష్మను ఉప్పల్ నుంచి ఆటోలో వెంటబెట్టుకొచ్చాడు. ఆమె కిందటేడే డిగ్రీ పాసైంది.

"మరి ఎవరు రాయాలె సార్?"

"అది నీ సమస్య. అరగంట టైముంది."

2006 మార్చి. రామంతాపూర్‌లో డిగ్రీ పరీక్షల మొదటిరోజు. రూలు చెప్పడానికి ఆరుగురున్నారు. రాయడానికి ఒక్కడూ లేడు.

అటెండర్ రాములమ్మ అందుకుంది. "సాంబయ్యకు ఫోన్ జేస్త సార్. నాచారం ఫ్యాక్టరీల ఉంటడు. ఏటేటా గీ పిలగాండ్లకు రాసేది గాయనే గద."

సాంబయ్య సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. నలభైకి దగ్గర పడ్డ మనిషి.

"డిగ్రీ ఎన్నిసార్లు తప్పావయ్యా?"

"ఒక్క పేపరే సార్. పదకొండుసార్లు."

సుబ్రహ్మణ్యం పకపకా నవ్వాడు. "శభాష్! తప్పడమే నీ అర్హత. పో, కూర్చో."

వాళ్లకిచ్చింది మెట్ల కింద గది. విరిగిన బల్లలు, అరిగిన చీపుర్లు, చూపులేని పిల్లలు. కాలేజీ అన్నిటినీ అక్కడే పడేసేది.

సాంబయ్య తలుపు దగ్గరకు వేశాడు. ఇంకో కుర్చీ లాగిన చప్పుడైంది.

"కూసున్నవా?"

"కూసున్న అన్నా."

"నిన్ను గాదు."

పృథ్వీ తన కుర్చీ కాస్త ఇవతలికి జరుపుకున్నాడు.

సాంబయ్య ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదివాడు. ఒకసారి ఇటు తిరిగి, ఒకసారి అటు తిరిగి. అటు చదివాక కాసేపు ఆగేవాడు. ఎవరో చెబుతుంటే విన్నట్టు "ఊఁ" కొట్టేవాడు.

మిగతావాళ్లంతా రాసి వెళ్లిపోయారు. చూపులేనివాళ్లకు గంట అదనం. కాలేజీలో మనిషి అలికిడి లేదు. పృథ్వీ చెప్పడం ఆపి చెవి ఒగ్గాడు.

కలం చప్పుడు ఆగలేదు.

"నేను చెప్తలేను గద. ఏం రాస్తున్నవన్నా?"

"నీది గాదు తమ్మీ. ఫికర్ జెయ్యకు."

రెండో రోజూ అదే. అదే కుర్చీ, అదే "కూసున్నవా?", అదే ఊఁ.

పరీక్ష కాగానే పృథ్వీ గోడ తడుముకుంటూ ఆఫీసు గదికి పోయాడు.

"సార్, గాయన నా పేపర్ల ఏందో సొంతంగ రాస్తున్నడు. లేని మనిషితోని మాట్లాడుతున్నడు. నాకు భయమైతున్నది. ఆయన వద్దు."

పేపరు తెరిచి చూద్దామని ఎవరికీ తోచలేదు. సాంబయ్య పేరు కొట్టేశారు. కొట్టేయడం సులువు కదా.

సాంబయ్య వాదించలేదు.

"సరే తమ్మీ. రేపటికి ఎవరినన్న తెచ్చుకో. ఉత్తగ కూసోకు. మూడు గంటలు మస్తు పొడుగుంటయ్."

పృథ్వీ రాత్రిదాకా తిరిగాడు. ఎవరూ దొరకలేదు.

మూడో రోజు తెల్ల పేపరు ముందు ఒక్కడే కూర్చున్నాడు. జవాబులన్నీ వచ్చు. బ్రెయిలీలో రాస్తే దిద్దేవాడు లేడు.

గంట గడిచింది. రెండు గంటలు.

పక్కన కుర్చీ కిర్రుమంది.

గదిలో ఎవరూ లేరు.

"కూసున్నవా?" తనకు తెలియకుండానే అడిగాడు.

కుర్చీ మళ్లీ కిర్రుమంది.

చెయ్యి చాపాడు. కుర్చీ మీద మనిషి లేడు. కాగితాల కట్ట ఉంది.

గంట కొట్టాక రాములమ్మ వచ్చింది. కట్ట ఆమె చేతిలో పెట్టాడు. "గీటి మీద ఏం రాసుందో జర చెప్పమ్మా."

"సాంబయ్య రాత బిడ్డా. అన్నీ మీ పరీక్ష జవాబులే. ప్రతి కాగితం మీద పేరు మటుకు... ఉమామహేశ్వర్."

ఆమె గొంతు తగ్గింది.

"సాంబయ్య తమ్ముడు. నీ లెక్కనే చూపు లేదు. పదకొండేండ్ల కింద గిదే కుర్చీల కూసున్నడు. రాసేటోళ్లు దొరకలే. మూడు గంటలు ఉత్తగనే కూసున్నడు. గంట కొట్టినంక చెరువు దిక్కు పోయిండు. మళ్ల రాలె."

ఫలితాలొచ్చాయి. సాంబయ్య రాసిన రెండు పేపర్లూ ఫస్ట్ క్లాస్. మూడోది సున్నా.

మరుసటి మార్చిలో పృథ్వీ వెతుక్కుంటూ నాచారం వెళ్లాడు. సాంబయ్య భార్య సూర్యకళ తలుపు తీసి, అడక్కుండానే చేతిలో మిఠాయి పెట్టింది.

"తిను తమ్మీ. మా ఆయన డిగ్రీ పాసైండు. సూపర్‌వైజర్‌ను జేసిన్రు."

పృథ్వీ చేతిలో మిఠాయి అలాగే ఉండిపోయింది.

"వదినా, నాకు ఒక్క పేపరు మిగిలింది. అన్న రాసిపెడతడేమోనని..."

"నువ్వు పృథ్వీవా?"

"అవును."

ఆమె మిఠాయి డబ్బా మూసిన చప్పుడైంది.

"పదకొండేండ్లు పరీక్షల తెల్లకాగితమే ఇచ్చొచ్చిండు తమ్మీ, పాసైతే మీ పక్కన కూసోనియ్యరని. నువ్వు వద్దన్నంకనే తన పేపరు రాసిండు."