నలభై రెండో సైజు

దొంగ ఈసారి కూడా కోటు తిరిగి తెచ్చి పెట్టాడు. పైగా ఇస్త్రీ చేసి మరీ.

సోమవారం ఉదయం మగవాళ్ల బట్టల షాపు యజమాని ఆ కోటు ముందు నిలబడి తల గోక్కున్నాడు. శనివారం షట్టర్ దించాక పోతుంది. ఆదివారం సెలవు గడిచి షాపు తెరిచేసరికి హ్యాంగర్‌కి బుద్ధిగా వేలాడుతూ ఉంటుంది. చలికాలంలో బూడిద రంగు ఉన్ని కోటు పోయింది. పెళ్లిళ్లు జోరుగా ఉన్నప్పుడు నల్ల కోటు పోయింది. ఎండలు ముదిరాక లినెన్ కోటు పోతోంది.

"వెధవకి ఏ కాలానికి ఏది వేసుకోవాలో తెలుసు," అన్నాడు, కాస్త మెచ్చుకోలుగానే.

అన్నీ నలభై రెండో సైజువే. ఆ సైజు అడిగేవాళ్లు తక్కువ. వరుస చివర పడి ఉంటాయి కాబట్టి పోయినా తొందరగా కంటపడవు. అంటే దొంగ షాపులో వాడే. నలభై రెండు అంటే బొజ్జ ఉన్నవాడే. యజమాని టేపు తీసి పనివాళ్లందరినీ వరుసగా నిలబెట్టాడు.

"ఊపిరి వదలండి. పొట్ట లోపలికి లాక్కుంటే ఊరుకోను."

అందరూ పుల్లల్లా ఉన్నారు. చివరికి టేపు బొజ్జన్న దగ్గర ఆగింది. షాపు పెట్టిన నాటి నుంచీ ఉన్న సేల్స్‌మన్ అతను. అసలు పేరు అతనే మర్చిపోయి ఉంటాడు.

"సరిగ్గా నలభై రెండు. షాపు రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరేనండి."

"మరి?"

"మరేముందండీ. లినెన్ కోటు తొడుక్కుని నేనెక్కడికి పోతాను, కూరగాయలకా?"

మిగతావాళ్లు కిసుక్కున నవ్వారు. యజమాని నవ్వలేదు.

"ఈ ఆదివారం కూడా కోటు పోయిందంటే, ఆ మర్నాటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

బొజ్జన్న ముఖంలో నవ్వు మాయమైంది. ముగ్గురు పిల్లల చదువులు ఆ కౌంటర్ మీదే నడుస్తున్నాయి. యజమాని వదిలేసిన టేపుని చుట్టి, డ్రాయరులో దాని చోట పెట్టి, చొక్కాలు మడతపెట్టుకున్నాడు.

మొదటి తాళంచెవి సంగతి యజమానికి తట్టనే లేదు. అది షాపు పైన ఇంట్లో, దేవుడి పటం పక్కన మేకుకి ఉంటుంది. దేవుడి కళ్లెదుట ఉన్నదాన్ని ఎవరు ముట్టుకుంటారు?

ఈ దొంగ వేట గురించి ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. పట్టుకున్నాకే చెప్పాలని పంతం.

ఆదివారం మెట్లు దిగి చూశాడు. కోటు లేదు. పందెం గెలిచినవాడిలా పైకొచ్చేసరికి లెక్కల మాస్టారు వచ్చి కూర్చుని ఉన్నాడు. భార్య తరఫు దూరపు చుట్టం, వాళ్ల అమ్మాయి మనసుపడ్డవాడు. కొన్ని నెలలుగా ఆదివారాలు వచ్చి పోతున్నాడు. యజమాని ఇంకా సరే అనలేదు.

అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ ఆయనే తిప్పి పంపాడు. ఒకడి చొక్కా భుజం కుట్టు మోచేతి వైపు జారిందట. ఇంకొకడి ప్యాంటు బూట్ల మీద కుప్పపడిందట. మరొకడు మండుటెండలో వెల్వెట్ కోటు వేసుకొచ్చాడట. "ఒంటి కొలతే తెలియనివాడికి సంసారం ఏం తెలుస్తుంది?" అనేవాడు. భార్య ఎదురు చెప్పేది కాదు. దీపం వెలిగించి దేవుడి ముందు కాసేపు ఎక్కువ కూర్చునేది. ఆ కాసేపట్లో ఏం అడిగేదో, దేవుడు ఏం చెప్పేవాడో ఆవిడకే తెలియాలి.

మాస్టారిలో మాత్రం ఆయనకి వంక దొరకలేదు. వెడల్పు భుజాలు, సన్నటి నడుము. కోటు కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద ఆగింది. కోటు చేతి అంచున చొక్కా అరవేలు మేర కనిపిస్తోంది.

"బట్టదేముంది, కుదరడంలో ఉంది అంతా. నడుం దగ్గర చూడు, అచ్చు పోసినట్టుంది. ఎవరు కుట్టారు?"

"తెలిసినావిడ ఒకరు సరిచేసి పెడతారండి," అన్నాడు మాస్టారు, కుర్చీ అంచున నిటారుగా కూర్చుని.

"వెనక్కి ఆనుకో నాయనా."

"పర్వాలేదండి."

ఎప్పుడొచ్చినా అంతే, ఆనుకోడు. ఆ క్రమశిక్షణ కూడా యజమానికి తెగ నచ్చింది. ఉత్సాహం పట్టలేక దొంగ కథంతా చెప్పేశాడు.

కాఫీ తెస్తున్న భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. "ఎవరిని పంపించేస్తారు?"

"ఇంకెవరు, మీ బొజ్జన్నని. రేపే."

"ఆయన అలాంటివాడు కాదండీ."

"మనిషి అబద్ధం చెప్తాడేమో గానీ టేపు చెప్పదు. అంత పొట్ట ఉన్నవాడు షాపులో వాడొక్కడే."

ఆవిడ దేవుడి పటం వైపు చూసింది. మాస్టారు ఆవిడ వైపు చూశాడు.

మాస్టారు లేచి నిలబడ్డాడు. "ఒక్క మాట చెప్పాలండి. అసలు నేను..."

"నువ్వేం చెప్పక్కర్లేదు. పెళ్లి సంగతేగా? నాకు ఇష్టమే. ఇలా రా అల్లుడూ," అంటూ యజమాని రెండు చేతులూ చాచి ముందుకొచ్చాడు.

భార్య కాఫీ పళ్లెం బల్ల మీద పెట్టి కళ్లు మూసుకుంది.

"మెల్లగా కౌగిలించుకోండి. అది మన నలభై రెండో సైజు కోటే, వెనకంతా నేను పెట్టిన గుండుసూదులు."