చుక్క కారని గుట్ట

"బట్టలు సర్దుకో. ఈ నీళ్లు ఇంకొక్క గుక్క కూడా నీ గొంతు దిగడానికి వీల్లేదు," అంది ఇంజనీరు తన చెల్లెలితో, కాళ్లకు చెప్పులైనా విప్పకుండా.

చెల్లెలికి ఏడో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. డాక్టర్లు తలా ఒక కారణం చెప్పారు. ఈసారి అక్క డాక్టర్లను అడగలేదు. చెల్లెలి వంటింట్లోని బోరు కుళాయి నీళ్లు సీసాలో పట్టి, తన ఆఫీసుకు పరీక్షలు చేసే ల్యాబ్‌లోనే ఇచ్చింది.

"ఎక్కడివి మేడం ఈ నీళ్లు? మొక్కలకు కూడా పోయకండి," అన్నాడు ల్యాబ్ అతను.

చెల్లెలి ఇల్లు చెత్తగుట్టకు దిగువన ఉంది. నగరం చెత్తంతా చేరే ఆ గుట్టను కట్టించింది ఈ ఇంజనీరే. అడుగున రెండు పొరల నల్లటి ప్లాస్టిక్ షీట్లు పరిపించింది. ఒక్కో అతుకునూ దగ్గరుండి పరీక్షించింది. చెత్తలోంచి ఊరే మురికి నేలలోకి ఇంకకూడదు. ఆమె ఉద్యోగమంతా అదే. దిగువ వీధివాళ్లను కూర్చోబెట్టి, "మీ మనవలకు కూడా భయం లేదు," అని మైకులో మాటిచ్చింది కూడా.

గుట్టకు దిగువన తవ్విన పరీక్ష బావి నీళ్లు నెలనెలా పాసవుతూనే ఉన్నాయి. మరి ఈ విషం? ఎక్కడో ఒక అతుకు విడిపోయి ఉండాలి. పరీక్ష బావికి చిక్కకుండా పక్కనుంచి జారుకుంటూ ఉండాలి. తను సరేనన్న అతుకు. తన చెల్లెలి కడుపు.

మరిదిని మారుమాట్లాడనివ్వకుండా చెల్లెలిని తన ఇంటికి తీసుకొచ్చేసింది. ఆ ఇల్లు గుట్టకు అవతలి వైపు. పెరట్లో సొంత బోరు.

"ఇవి తాగు. ఈ చుట్టుపక్కల ఇంతకంటే మంచి నీళ్లు లేవు. నాదీ పూచీ."

"ఇంజనీరమ్మ పూచీ పడ్డాక ఇంకేం!" అని గటగటా తాగేసింది చెల్లెలు. తర్వాత ముక్కు చిట్లించింది. "అక్కా, ఇక్కడా అదే వాసన వస్తోందేంటే?"

"నా బట్టలదిలే. పొద్దస్తమానం దాని మీదే కదా ఉండేది."

"బాగుంది. మీ గుట్ట నీతోపాటు భోజనానికి కూడా వస్తోందన్నమాట."

ఇద్దరూ నవ్వారు. ఇంజనీరు నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

గుట్టలోని గ్యాస్ బయటికి పోవడానికి పాతిన పైపులు గాలికి ఈల వేస్తుంటాయి. ఇన్నాళ్లూ ఆ చప్పుడు ఆమె చెవికెక్కనే లేదు. ఇప్పుడు పట్టపగలే ఎవరో సన్నగా ఏడుస్తున్నట్టు వినిపించసాగింది. రెండు గొంతులు. రెండూ పసివాళ్లవే. అడుగు వేసినచోట నేల కాస్త కుంగితే ఉలిక్కిపడి వెనక్కి తగ్గేది. ఇంటికొచ్చి తలారా స్నానం చేసినా, బట్టలు రెండేసిసార్లు ఉతికినా, వాసన మాత్రం వదిలేది కాదు. దయ్యాలంటే పకపకా నవ్వే మనిషి, చెల్లెలి కడుపు మీద చెయ్యి వేయడానికి భయపడింది.

చివరికి షీట్లు అతికిన వెల్డర్‌ను పిలిపించింది.

"రెండు షీట్ల మధ్య పైపుంది కదా, అది తెరుద్దాం. పై షీటు కారితే మురికంతా అందులోకే రావాలి."

వెల్డర్ మొహం మాడ్చుకున్నాడు. "నా అతుకు ఊడదు మేడం. మా ఆవిడతో గొడవపడి వచ్చిన రోజు కూడా నా చెయ్యి వణకలేదు."

"అయినా చూద్దాం."

పంపు వేశారు. గాలి తప్ప ఏమీ రాలేదు. కెమెరా దింపారు. పైపు అడుగంతా పొడి దుమ్ము. చుక్క తడి లేదు.

"చూశారా!" అన్నాడు వెల్డర్, మీసం మెలేయడం ఒక్కటే తక్కువగా.

ఇంజనీరుకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే మట్టిలో చతికిలబడి భోరున ఏడ్చేసింది. గుట్ట కారలేదు. ఆ రెండు పసిప్రాణాల పాపం తనది కాదు. కానీ కళ్లు తుడుచుకుంటుండగానే ఇంకో అనుమానం పట్టుకుంది. గుట్టది కాకపోతే ఆ విషం ఎక్కడిది?

వెంటనే ల్యాబ్‌కు ఫోన్ చేసింది. "నెలనెలా ఏం చూసి పాస్ చేస్తున్నారయ్యా మీరు?"

"మీరు పెట్టిన పద్ధతే కదా మేడం. నేలలోని నీళ్లు గుట్టను చేరకముందు ఎలా ఉన్నాయో ఎగువ బావిలో చూస్తాం. గుట్ట దాటాక దిగువ బావిలో చూస్తాం. దిగువవి ఎగువవాటికంటే చెడకపోతే పాస్."

"ఎగువవి విడిగా ఎప్పుడైనా చూశారా?"

"అవి మంచినీళ్ల నమూనా కదా మేడం. చూడమని ఎవరూ అనలేదు. సీసా ఇక్కడే ఉంది, చూసి చేస్తానుండండి."

ఆమె ఇల్లు చేరి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా ఫోన్ మోగింది.

"మేడం, ఎగువవి ఇంకా ఘోరంగా ఉన్నాయి. ఆ నేల కింద పాత చెత్త ఉండి ఉంటుంది. షీట్లూ గీట్లూ లేని రోజుల్లో పోసి, పైన మట్టి కప్పి, మరిచిపోయి ఉంటారు. ఆ నీళ్లు ఎవరూ తాగడం లేదు కదా?"

ఇంజనీరు ఒక చెప్పు కాలికుండగానే లోపలికి, చెల్లెలి దగ్గరికి పరుగెత్తింది.

ల్యాబ్‌వాళ్లు ఎగువ బావి అని పిలిచేది ఆమె పెరట్లోని బోరునే.