పిచ్చుక కార్డు

"ఆ పిచ్చుకని తీసి అవతల పారెయ్యవే!" అంది కోటమ్మ, ఒళ్ళో చేట పెట్టుకుని మిరపకాయల తొడిమలు తీస్తూ.

ఆవిడ కోడలు రోహిణికి ఒళ్ళు మండింది. తెల్లారితే నరసరావుపేటలో కార్డుల ఆట పోటీ. అక్కడ గెలిస్తేనే హైదరాబాదు పోటీకి పిలుపు. ప్యాకెట్ల మీద ప్యాకెట్లు కొని ఏరుకున్న కార్డుల్లోంచి సరిగ్గా నలభైతో డెక్కు కట్టాలి. ముప్పై తొమ్మిది కుదిరాయి. ఆ ఆఖరిదాని దగ్గరే వచ్చింది తంటా అంతా. బలం రెండే ఉన్న పిచ్చుకా, ఎనిమిదున్న ఎద్దా?

"ఎద్దుని పెట్టు. ఆ పిట్ట ఏం పొడుస్తదంట?"

"ఏం పొడిచిందో చూడండి అత్తయ్యా!" రోహిణి ఫోన్ తెచ్చి ఆవిడ ముక్కు ముందు పెట్టింది. రెండు నెలల్లో ఆడిన ప్రతి ఆటా అందులో రాసుకుంది. "పిచ్చుకని పెట్టి యాభై ఆటలాడితే నలభై ఒకటి గెలిచా. ఎద్దుని పెట్టి యాభై ఆడితే పందొమ్మిది. లెక్క అబద్ధమాడుద్దా?"

నిజమే మరి, ఎందుకాడుతుంది? గురజాలలో రోహిణి ఎరిగినంతలో ఈ ఆట వచ్చినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు తను. రెండో మనిషి, మోకాళ్ళ నొప్పులతో చేనికి పోలేక ఇంట్లో కూర్చుంటే తనే పట్టుబట్టి నేర్పిన కోటమ్మ. నేర్చుకున్నాక ఆవిడ ఊరుకుందా? కోడలని కూడా చూడకుండా ఆ ఎద్దు డెక్కుని ఉతికి ఆరేసింది.

"నీ లెక్కలు నాకు తెలవదు. తీసెయ్."

"ఎందుకో చెప్పండి!"

కోటమ్మ చేటలోకి వంగి, తీసేసిన కాయలకే మళ్ళీ తొడిమలు వెతికింది.

రోహిణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ తర్వాత అమ్మ అనుకున్న మనిషి!

"నేను గెలవటం మీకిష్టం లేదా అత్తయ్యా?"

"ఓసి పిచ్చిమొహమా, ఏడుస్తన్నావేంది!" కోటమ్మ గబుక్కున చేట పక్కన పెట్టింది. కన్నీళ్ళు తుడవబోయి, మిరపకాయల చేతులని గుర్తొచ్చి మోచేత్తో తుడిచింది. "ఆ పిచ్చుక చేతికొస్తే చాలు, చంటిపిల్లలాగా నీ మొహం వెలిగిపోద్ది. ఆ మొహాన్ని ఓడించబుద్ధి గాక, గెలిచే కార్డులు చేతిలో పెట్టుకుని కూడా చానాసార్లు ఓడిపోయా. రేపు నీ ఎదురుగా కూర్చునేది మీ అత్త కాదే!"