పదిమందిలో తొమ్మిదిమంది

ఆ ముసలాయన మళ్ళీ వచ్చి వరసకు అడ్డంగా నిలబడ్డాడు.

స్ఫాక్స్ నగరం పాతబస్తీలో ఆ మూలికల కొట్టు ముందు పొద్దున్నుంచీ ఒకటే జనం. అందరూ చక్కెర జబ్బు ఉన్న ఇళ్ళవాళ్ళే. ఏదో ఆకు కషాయంతో పదిమందిలో తొమ్మిదిమందికి నయమైందని పరిశోధనలో తేలిందట, రేడియో ఊదరగొడుతోంది.

"మొదట ఎంతమంది చేత తాగించారో చెప్పారా అమ్మా రేడియోలో?" అని వరసలో ఉన్న నజీహాను అడిగాడాయన.

"అయితే డాక్టర్లు అబద్ధం చెప్పారంటారా?"

"అబద్ధమనలేదు తల్లీ. సగమే చెప్పారంటున్నా."

"మందుల షాపువాళ్ళు నీకెంత ముట్టజెప్పారు?" అన్నాడు వెనకనుంచి ఒకడు. అంతా గొల్లుమన్నారు.

నజీహాకు ఒళ్ళు మండింది. అమ్మ పోయాక చెల్లెలు రీమ్‌ను తనే పెంచింది. ఇన్సులిన్ సూదులు పొడిపించుకుని పొడిపించుకుని ఆ పిల్ల ఒళ్ళు గడ్డలు కట్టింది. పాపం, ఇన్నాళ్ళకు దానికి ఒక దారి దొరికితే ఈయనేమిటి అపశకునం మాటలు!

"కషాయం తాగిస్తే తాగించు. సూది మాత్రం ఆపకు తల్లీ," అని బతిమాలాడాయన.

"మీ ఇంట్లో ఉంటే తెలిసేది ఆ బాధ! తప్పుకోండి."

విసురుగా ఆయన్ని దాటుకుని వెళ్ళి పొట్లం కొనుక్కుంది.

"అక్కా, సూది లేకుండా అన్నం తిన్నానే!" అని రీమ్ ఎంత మురిసిపోయిందో.

తర్వాత వాంతులు మొదలయ్యాయి.

"మంచిదే, లోపలి చెడంతా పోతోంది," అంది పక్కింటావిడ. నజీహా నమ్మింది.

ఆసుపత్రికి చేర్చేసరికే రీమ్ ఎగశ్వాస తీస్తోంది. సాయంత్రానికి పోయింది.

పరామర్శకు ముసలాయన కూడా వచ్చాడు. ఇరుగుపొరుగు తెచ్చిపెట్టిన గోధుమరవ్వ కుస్‌కుస్ ముట్టుకోకుండా గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

నజీహా ఆయన ముందు కూలబడిపోయింది.

"నా చేతులతో నేనే చంపుకున్నాను బాబాయ్. మీరు చెబుతూనే ఉన్నారు..."

"ఊరుకో తల్లీ. దాని మేలు కోరేగా చేశావు."

"అసలు మీకెలా తెలుసు?"

"ఆ పరిశోధనలో ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారమ్మా. వాళ్ళను లెక్కలోంచి తీసేశారు."

"ఎవరు చెప్పారు మీకు?"



"మా ఆవిడా ఆ పరిశోధనలో కషాయం తాగింది. పోయిందని ఆ డాక్టర్లకు చెప్పడానికి వెళితే, 'అయితే ఇక రారన్నమాట' అని, మధ్యలో మానేసినవాళ్ళలో ఆమె పేరు రాసుకున్నారు తల్లీ."