ఒక్క మనిషి తక్కువ

"విట్‌లాక్ మూలలో ఎనిమిది. ట్రస్కాట్ మూలలో ఎనిమిది." సభ నడిపిస్తున్న డెలోరెస్ మెడలోని ఈల సర్దుకుంది. "తొమ్మిది మంది లేని మూల లెక్కలోకి రాదు. పావుగంట టైమిస్తున్నా. మనసు మార్చుకునేవాళ్లు మార్చుకోండి. ఈల వేశాక మాత్రం ఎక్కడి కాళ్లు అక్కడే!"

ఆవిడ మాటంటే మాటే. పోయినసారి సొంత తమ్ముడు ఈల మోగాక ఒక్క అంగ వేస్తే వెనక్కి పంపేసింది.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పార్టీ తరఫున ప్రెసిడెంటు పదవికి ఎవరు నిలబడాలో తేల్చేటప్పుడు చీటీలుండవు, పెట్టెలుండవు. స్కూలు జిమ్ములో ఎవరికి నచ్చిన నాయకుడి మూలకి వాళ్లు పోయి నిలబడటమే. ఊరంతా చూస్తుండగా, మొగుడూ పెళ్లాలైనా సరే.

మార్లిస్ విట్‌లాక్ మూలలో, ఆమె మొగుడు ఆర్విన్ ట్రస్కాట్ మూలలో. మిగతా జిమ్మంతా మూడో నాయకుడు బ్రాక్‌వే మనుషులే. ఈ రెండు మూలల్లో ఒక్కటీ నిలబడకపోతే ఊరి తరఫున వెళ్లే నలుగురు ప్రతినిధులూ బ్రాక్‌వే ఖాతాలోకే. అతని విదేశాంగ విధానం ఒకటే ముక్క: "గెలిచిన మొదటి రోజే ఆ జలసంధిలో బాంబులు వేయిస్తా." మార్లిస్, ఆర్విన్‌ల ఒక్కగానొక్క కూతురు జోలీన్ ఉన్న యుద్ధనౌక ఆ జలసంధిలోనే లంగరేసి ఉంది.

ఇద్దరూ కాఫీ బల్ల దగ్గర కలిశారు. కాఫీ ఎవరూ పోసుకోలేదు.

"ఇటొచ్చెయ్ ఆర్విన్. ఒక్క మనిషి చాలు."

"నువ్వే రా. మాకూ ఒక్కరే తక్కువ."

"మీ ట్రస్కాట్‌కి ఆ జలసంధి ఎక్కడుందో తెలుసా? మొన్న టీవీలో అడిగితే నీళ్లు నమిలాడు."

"నమిలితే నమిలాడు. యూనిఫారం వేసుకున్నవాడు. జెండా కప్పిన శవపెట్టెలు భుజాన మోసినవాడు. మీ విట్‌లాకమ్మ మోసినవి ఫైళ్లేగా!"

"ఆ ఫైళ్లతోనే రెండు యుద్ధాలు ఆపింది."

"ఎప్పుడు? పళ్లు ఊడకముందా? మొన్న నాలుగు మెట్లెక్కి కుర్చీ తెమ్మంది. తెల్లారుజామున ఫోను మోగితే లేచి ఎత్తగలదా?"

"ఎత్తడం కుక్కపిల్లకి నేర్పినా ఎత్తుతుంది. ఎత్తాక ఏం మాట్లాడాలో తెలియొద్దూ?"

బ్రాక్‌వే మనుషుల్లోంచి ఎవడో నవ్వాడు. "ఇంట్లో శాంతి ఒప్పందం చేసుకోండయ్యా ముందు!"

ఆర్విన్ ముఖం ఎర్రబడింది. "నీ మొండితనం వల్ల మన పిల్లకేమైనా అయితే..." అని ఆగిపోయాడు.

"నా మొండితనమా?" మార్లిస్ వెనక్కి తిరిగింది. "సరే. అలాగే అనుకో."

ఎవరి మూలకి వాళ్లు పోయారు.

"మనలోనే ఒకరు అటు పోతే?" మార్లిస్ తన వాళ్లని మెల్లిగా అడిగింది.

"నెల్లాళ్లు మంచులో గడప గడపకీ తిరిగి, ఇప్పుడు వాళ్ల పంచన చేరాలా? చచ్చినా పోను," అంది పక్కనున్న ఆర్డిస్. మిగతావాళ్లు తలలూపారు. అవతలి మూలలోనూ ఇదే మాట నడుస్తోందని వాళ్ల చేతులూపుడు చూస్తేనే తెలుస్తోంది.

"రెండు నిమిషాలు!" అని అరిచింది డెలోరెస్.

బ్రాక్‌వే మనుషులు అప్పుడే కోట్లు తొడుక్కుంటున్నారు. మార్లిస్ గడియారం చూసింది. విట్‌లాకే మేలు, అందులో ఆమెకి అణువంత అనుమానం లేదు. కానీ ఆర్విన్ రాడు. ఇన్నేళ్ల కాపురంలో అతను ఒక్క మెట్టు దిగగా ఆమె చూడలేదు. ట్రస్కాట్ తెలివితక్కువవాడే కావచ్చు, బాంబులేస్తానని మాత్రం అనలేదు. పంతమా, పిల్లా?

ఆమె గుండెల మీది విట్‌లాక్ బిళ్ల ఊడదీసి జేబులో వేసుకుంది. ఆర్డిస్ చూస్తే చెయ్యి పట్టుకుని లాగేస్తుంది. అందుకని మడత బెంచీల వెనక చీకటి సందులోంచి గోడ పట్టుకుని నడిచింది. ఆమె అవతల తేలడమూ ఈల మోగడమూ ఒకేసారి జరిగాయి.

"ఎక్కడివాళ్లు అక్కడే!"

ట్రస్కాట్ మనుషులు ఆమెని చూసి ఎగిరి గంతేశారు. "తొమ్మిది! తొమ్మిదయ్యాం!" అంటూ ఎవరో వీపు చరిచారు. మార్లిస్ వరుస చివర నిలబడింది. తన నోటి నుంచి తొమ్మిది అనే మాట వినగానే ఆర్విన్ ముఖం ఎలా ఉంటుందో చూడాలని ఉంది. మునివేళ్ల మీద లేచి వెతికింది. అతని ఆకుపచ్చ టోపీ కనబడలేదు.

"ఒక్కొక్కరే గట్టిగా చెప్పండి," అంది డెలోరెస్.

ఒకటి, రెండు, మూడు... అంకె ఒక్కొక్కరి నోటి మీదుగా ఆమె వైపు వస్తోంది. పక్కన నిలబడ్డ మంగలి లేరాయ్ "ఏడు" అన్నాడు.

మార్లిస్ వెనక్కి తిరిగి చూసింది. ఆమె తర్వాత ఎవరూ లేరు.

"ఎనిమిది," అంది.

కేరింతలు ఆగిపోయాయి. డెలోరెస్ ఏదో రాసుకుని, జిమ్ము దాటుకుంటూ విట్‌లాక్ మూలకి నడిచింది. అక్కడ మళ్లీ లెక్క మొదలైంది. ఆర్డిస్ గొంతు "ఏడు" అంది.

ఆ తర్వాత, వరుస చివర్నుంచి, ఆమె రోజూ వినే బొంగురు గొంతు తడబడుతూ పలికింది: "ఎనిమిది."