కుట్టులో కలిసిన నది

“పుస్తకంలో లేని నదిని మేమెక్కణ్ణుంచి తెచ్చేది మేడమ్?” అన్నాడు పరీక్షల అధికారి, ఆమె ఇచ్చిన అభ్యంతర పత్రాన్ని బల్లమీద వెనక్కి తోస్తూ.

భూగోళం టీచరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై ఏళ్లుగా నదుల పాఠం చెప్పిన మనిషి ఆమె. టీచరు ఉద్యోగాల పరీక్షలో ప్రశ్న చిన్నదే: ద్వీపకల్పంలోని పెద్ద నదుల్లో నేరుగా పడమటి సముద్రంలో కలిసేవి ఎన్ని? జవాబు ‘ఒకటి’ అని కీ విడుదల చేశారు. అభ్యంతరాలకు ఇదే ఆఖరి రోజు. ఆఫీసు మూసే వేళ కూడా అవుతోంది.

“రెండు సార్! మిగతావన్నీ పీఠభూమి వాలు పట్టుకుని తూర్పుకు పోతాయి. ఈ రెండే కొండల మధ్య పగులు లోయల్లో పడి పడమరకు వెళ్తాయి.”

“మాకు పాఠ్యపుస్తకమే ప్రమాణం. ఇదిగో, మీ రెండో నది వెళ్లి మొదటిదాంట్లో కలిసింది.”

అతను తెరిచి పెట్టిన పుస్తకంలోకి ఆమె వంగి చూసింది. పటం పడమటి అంచు పుస్తకం కుట్టులోకి పోయింది. రెండు నీలిగీతలూ అక్కడే ఒకటై మాయమయ్యాయి. కీ తయారుచేసిన మహానుభావుడు పుస్తకం పూర్తిగా తెరిచిన పాపాన పోలేదన్నమాట!

“మీ అమ్మాయి కూడా ఈ పరీక్ష రాసిందట కదా?” అన్నాడు అధికారి తాపీగా. పక్క బల్ల గుమాస్తా కిసుక్కున నవ్వాడు.

“రాసింది. ఒక్క మార్కు అటూ ఇటూ అయితే ఉద్యోగం దక్కదు. వయసు దాటిపోతోంది, మళ్లీ రాయడానికి లేదు.”

“అలా చెప్పండి! అదీ సంగతి.”

“నా కూతురి కోసం నది దారి మార్చుకోదు సార్!”

ఆమె బల్లమీదున్న బ్లేడు తీసుకుని పటపటా కుట్టు కోసేసింది.

“అయ్యయ్యో, ఆఫీసు కాపీ అది!”

కాగితం సాపుగా పరుచుకుంది. వేలెడు వెడల్పున దాగిన భాగం బయటపడింది. ఒక నది సముద్రంలో కలిసిన చోటుకు బాగా దక్షిణాన, రెండోది విడిగా కలుస్తోంది.

అధికారి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. “ఒక్క మార్కుకి ఇంత రాద్ధాంతమా?” అని గొణిగాడు.

“రేపు పిల్లలకు పాఠం చెప్పేవాళ్ల పరీక్ష ఇది! తెలిసి సరిగ్గా రాసినవాళ్లను తప్పని ఇంటికి పంపిస్తే చూస్తూ ఊరుకోమంటారా?”

అతను కీ దిద్ది, సంతకం చేసి, ముద్ర కొట్టి రసీదు ఇచ్చాడు. “ఇక ‘రెండు’ అన్నవాళ్లకే మార్కు. మొత్తానికి అమ్మాయికి ఉద్యోగం ఇప్పించుకుని వెళ్తున్నారు!”

ఆమె రసీదు సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని దిగింది.

ఆమె కూతురు రాసిన జవాబు ‘ఒకటి’.